డోపమైన్ మీద పరిశోధన చేయాలంటే ఏ పీజీ?

ప్రశ్న: బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెదడు ఒకసారి వాడిన డోపమైన్‌నే మళ్లీ వాడుకుంటుందని క్లాసులో విన్నప్పటి నుంచి దాని మీదే ధ్యాస. ఈ ప్రక్రియ మీద పనిచేసే మందులపై పరిశోధన చేయాలనుంది. పీజీలో న్యూరోసైన్స్ తీసుకోవాలా, ఫార్మకాలజీ తీసుకోవాలా?

జవాబు: కోర్సు పేరు పక్కన పెట్టి, ఈ ప్రక్రియలో ఏ మెట్టు మిమ్మల్ని పట్టుకుందో ముందు చూసుకోండి. నాడీకణం వదిలిన డోపమైన్ పక్క కణానికి కబురు చేరవేస్తుంది. అది అక్కడే ఉండిపోతే కబురు ఆగదు. అందుకే డాట్ అనే ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీన్ దాన్ని వెనక్కి లాగుతుంది. బయట ఎక్కువగా ఉన్న సోడియం లోపలికి దూసుకొచ్చే ఊపే దానికి శక్తి. లోపలికి వచ్చిన డోపమైన్‌ను వీమాట్2 అనే మరో ప్రొటీన్ మళ్లీ వాడుకునేందుకు చిన్న చిన్న సంచుల్లో నింపుతుంది. మిగిలినదాన్ని ఎంఏఓ ఎంజైమ్ విచ్ఛిన్నం చేస్తుంది.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. కొకైన్, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, నిలకడ లేని సమస్య) డాక్టర్లు రాసే మిథైల్‌ఫెనిడేట్ రెండూ అడ్డుకునేది ఈ డాట్‌నే. అయినా ఒకటి మనిషిని వ్యసనంలోకి ఈడుస్తుంది, రెండోది చికిత్సకు పనికొస్తోంది. ఈ తేడాకు ఒక పెద్ద కారణం వేగం. పొగగా పీల్చిన కొకైన్ క్షణాల్లో మెదడుకు చేరుతుంది, డాక్టర్ చెప్పిన మోతాదులో మింగిన మిథైల్‌ఫెనిడేట్ నెమ్మదిగా ఎక్కుతుంది. ఆంఫెటమైన్ అనే మరో ఉత్తేజక మందు తీరు వేరు. అది డాట్ గుండానే కణంలోకి దూరి, డోపమైన్‌ను అదే దారిలో బయటికి ఎదురు నడిపిస్తుంది.

ఇలాంటి తేడాలు ఎందుకొస్తాయన్నదే మీ ప్రశ్నయితే ఫార్మకాలజీకి వెళ్లండి. మోతాదు, వేగం, ఒంట్లో మందు నడక అక్కడే లోతుగా నేర్పుతారు. మీరు మందులనే ప్రస్తావించారు కాబట్టి నా మొగ్గు కూడా అటే. వ్యసనం, ప్రవర్తన మీద ఆసక్తి ఉంటే న్యూరోసైన్స్. కొకైన్ ఆ ప్రొటీన్‌లో ఏ సందులో ఇరుక్కుంటుందో చూడాలనుంటే స్ట్రక్చరల్ బయాలజీ. మీరు అడగకపోయినా దీన్ని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే పండు ఈగ డాట్ నిర్మాణం 2013లో తెలిస్తే, మనిషి డాట్ నిర్మాణాలు 2024లో గానీ రాలేదు. చేయాల్సిన పని చాలా ఉంది. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు ఆ దారి కష్టం కాదు.

అప్లై చేసేలోపు వేసవి సెలవుల్లో ట్రాన్స్‌పోర్టర్ల మీద పనిచేసే ఒక ల్యాబ్‌కు మెయిల్ రాయండి. కణాలు డోపమైన్‌ను ఎంత లాక్కుంటున్నాయో కొలిచే అప్‌టేక్ పరీక్ష దగ్గరుండి చూడనివ్వమని అడగండి. రోజంతా కణాలను పెంచడం, అంకెలు రాసుకోవడం మీకు విసుగనిపించకపోతే ఫార్మకాలజీ ఫారం నింపేయండి.