జీతమే ఆగిపోతే, అప్పు చేసి షేర్లు కొంటారా?

ప్రశ్న: చౌక టికెట్ల విమాన సంస్థలో ఆరేళ్లుగా గ్రౌండ్ స్టాఫ్‌గా చేస్తున్నాను. జీతం 46 వేలు. రెండు నెలలుగా రాలేదు. ఇంటి ఈఎంఐ 17,500తో కలిపి నెల ఖర్చు 38 వేలు. చేతిలో 90 వేలున్నాయి. కొత్త పెట్టుబడిదారు వస్తున్నారంటున్నారు. 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, బాగా పడిపోయిన మా కంపెనీ షేర్లు కొనవచ్చా?

జవాబు: వద్దు. ఒక్క షేరు కూడా వద్దు. మీ జీతం, పీఎఫ్, ఇంటిల్లిపాది ఆరోగ్య బీమా ఇప్పటికే ఆ ఒక్క కంపెనీనే నమ్ముకుని ఉన్నాయి. అప్పు కూడా తెచ్చి అందులోనే పోస్తారా?

ఎయిర్ డెక్కన్ సంగతి గుర్తుందా? కెప్టెన్ గోపీనాథ్ హెలికాప్టర్లను చార్టర్‌కు తిప్పుతూ మొదలుపెట్టి, 2003లో సామాన్యుడి కోసం విమానాలు నడిపారు. రూపాయి టికెట్టు కూడా అమ్మారు. కానీ లీజుకు తెచ్చిన విమానాల అద్దె డాలర్లలో, వసూళ్లు రూపాయల్లో. సీట్లు నిండినా నష్టాలు తీరలేదు. 2008లో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ కింగ్‌ఫిషర్ ఉద్యోగులూ పెట్టుబడిదారు వస్తారనే ఎదురుచూశారు. విదేశీ ఎయిర్‌లైన్స్ 49 శాతం వరకు వాటా కొనవచ్చని 2012 సెప్టెంబరులో కేంద్రం అనుమతించింది కూడా. అక్టోబరులో విమానాలే ఆగాయి. అప్పటికి ఏడు నెలల జీతాలు బాకీ. కంపెనీ మూతపడి ఆస్తులు అమ్మితే, వాటాదారులది వరుసలో చిట్టచివరి చోటు.

నాకు బాధ కలిగించేది మీ 90 వేలు. రెండు నెలలు దాటితే అయిపోతాయి. ఈ ఆరేళ్లూ నెలకు 5 వేలు ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్‌లో) వేసి ఉంటే, వడ్డీ వదిలేసినా 3.60 లక్షలు. అంటే తొమ్మిది నెలల ఖర్చు! ఈ టెన్షనే ఉండేది కాదు. పర్సనల్ లోన్ తీసుకుంటే, 14 శాతం వడ్డీకి మూడేళ్లపాటు నెలకు మరో పదివేల పైచిలుకు కట్టాలి. జీతమే లేనప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు?

ఈఎంఐ బౌన్స్ కాకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని అడగండి. మరీ అవసరమైతే ఇంట్లో బంగారం మీద కొద్దిగా తీసుకోండి, అదీ ఇంటి ఖర్చుకే. పీఎఫ్ పాస్‌బుక్ ఈరోజే తెరవండి. పేస్లిప్‌లో పీఎఫ్ కోత కనిపిస్తున్నా, పాస్‌బుక్‌లో జమ పడకపోవచ్చు. కుటుంబానికి సొంత ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. వేరే ఉద్యోగం వెతకడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి.

అందరికీ ఆరు నెలల ఖర్చు దాచమంటాను, విమానయానంలో ఉన్నవారికి మాత్రం ఏడాదిది. ఎక్కడి నుంచైనా మళ్లీ జీతం వచ్చిన మొదటి నెలే 8 వేలు పక్కన పెట్టండి, ఈఎంఐకి కోతపడకుండా, ఇంటి లోను లేని వేరే బ్యాంకులో.