ఇంగ్లీషులో క్యూ పక్కన యూ లేని పదాలు ఉన్నాయా?

ఉన్నాయి. వాటిలో కొన్ని మనకు పాత చుట్టాలే.

ముందు ఆ జంట ఎలా కుదిరిందో చూడాలి. పాత ఇంగ్లీషులో రాణి అనే మాటను క్యూతో కాదు, సీ-డబ్ల్యూలతో రాసేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి పద్ధతి వచ్చి, ఆ చోట క్యూ-యూ జంట స్థిరపడింది. అందుకే 'క్వీన్', 'క్విక్' లాంటి అచ్చ ఇంగ్లీషు మాటల్లో యూ తప్పదు. యూ లేదంటే అది దాదాపుగా అరువు మాటే.

ఎక్కువ భాగం అరబ్బీ నుంచి వచ్చినవి. గొంతు లోపలి నుంచి పలికే 'ఖాఫ్' అనే అక్షరానికి క్యూ వాడతారు. ఖవ్వాలీ, ఖాజీ, ఫకీరు, బుర్ఖా: ఇవన్నీ ఉర్దూ ద్వారా మనకు తెలిసినవే, ఇంగ్లీషు నిఘంటువుల్లోనూ యూ లేకుండా కనిపిస్తాయి.

నాకు బాగా నచ్చిన మాట 'ఖనాత్'. కొండ అడుగున ఉన్న భూగర్భజలాన్ని, కొద్దిపాటి వాలుతో తవ్విన సొరంగం గుండా ఊరిదాకా తెచ్చే కాలువ అది. మోటారు అక్కర్లేదు, వాలే నీటిని నడిపిస్తుంది. పైనుంచి వరసగా బావులు తవ్వి మట్టి తీస్తారు, గాలి ఆడేదీ వాటి గుండానే. ఇరాన్ ఖనాత్‌లను 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చైనా మాట 'చీ'ది వేరే దారి. ప్రాణశక్తి అని అర్థం. 1958లో చైనా ఆమోదించిన పిన్యిన్‌లో, అంటే చైనా భాషను ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతిలో, క్యూకి 'ఛ'కు దగ్గరి ధ్వని ఇచ్చారు. ఇంగ్లీషులో క్యూ, ఐ రెండే అక్షరాలు కాబట్టి, అక్షరాల బిళ్లలతో పదాలు కూర్చే స్క్రాబుల్ ఆట ఆడేవాళ్లు దీన్ని తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. చేతిలో క్యూ ఉండి యూ రాలేదన్న టెన్షన్ తీరుతుంది.