టెక్ సందేహాలు: ‘ఎండ్‌గేమ్’ ముందా, ‘ఇన్ఫినిటీ వార్’ ముందా?

ఫోన్ వేడెక్కుతోందని, చార్జింగ్ నిలవడం లేదని వచ్చిన ఉత్తరాలను వచ్చే వారానికి పక్కన పెట్టాను. ఈసారి మార్వెల్ సినిమాల మీదే నాలుగు వచ్చాయి, అవన్నీ ఒకేసారి తేల్చేద్దాం. ఒక్క హామీ: కథ చెప్పను. కొన్నిచోట్ల ‘అక్కడేముందో అడగకండి’ అని తప్పించుకుంటాను, ఏమీ అనుకోవద్దు.

“మార్వెల్ సినిమా ఒక్కటి కూడా చూడలేదు. హాస్టల్‌లో అందరూ 2026 డిసెంబర్ 18న వస్తుందంటున్న ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ ముచ్చటే. పాత ఐరన్ మ్యాన్ హీరోనే అందులో విలనట. జాబితా కోసం వెతికితే విడుదలైన వరుసలో చూడమని కొందరు, కథ జరిగిన కాలం వరుసలో చూడమని కొందరు. సిరీస్‌లు కూడా ఉన్నాయట. సార్, ఏడికెళ్లి మొదలుపెట్టాలె?” – డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

2008లో వచ్చిన ‘ఐరన్ మ్యాన్’తో మొదలుపెట్టండి. అక్కణ్నుంచి విడుదలైన వరుసలోనే వెళ్లండి.

కథాకాలం వరుస చూడగానే బాగా అనిపిస్తుంది. ‘కెప్టెన్ అమెరికా: ద ఫస్ట్ అవెంజర్’ కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది కాబట్టి అది మొదటిది. ‘కెప్టెన్ మార్వెల్’ కథ 1995లో జరుగుతుంది కాబట్టి అది రెండోది. చరిత్ర పుస్తకంలా అన్నీ తేదీల వారీగా వస్తాయి. నేనూ ఆ మాయలో పడ్డవాణ్నే. రెండేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో నల్లగొండలో మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ వరుసలోనే మొదలుపెట్టాను. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు ‘కెప్టెన్ మార్వెల్’ అయిపోయింది, పేర్లు పడుతున్నాయి. పేర్ల మధ్యలో ఒక చిన్న సీన్ వస్తుంది. అందులో ఏముందో అడగకండి. వాడు చేతిలో ఉన్న మామిడికాయ ముక్క కింద పెట్టి, “మామా, గిదేంది? మనం నడిమిట్ల ఏదన్న సినిమా ఇడిసిపెట్టినమా?” అన్నాడు.

విడిచిపెట్టింది ఒకటీ రెండూ కాదు, చాలానే. ఆ సినిమా 1995 కథే అయినా విడుదలైంది 2019 మార్చిలో. అంటే 2018లో ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ వచ్చేసి, దాని కొనసాగింపు ‘ఎండ్‌గేమ్’ కోసం జనం ఎదురుచూస్తున్న రోజులవి. ఆ చిన్న సీన్ తీసింది ఆ జనం కోసం. కథ ఏ సంవత్సరంలో జరిగినా, సినిమా తీసేవాళ్లు మాత్రం అప్పటిదాకా మనం ఏమేం చూసి ఉంటామో లెక్కేసుకుని రాస్తారు. ఏ ముడి ఎప్పుడు విప్పాలన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. మనం తేదీలు సర్దుతూ కూర్చుంటే ముడి వేయకముందే విప్పినట్టవుతుంది.

మనకు ఇదేం కొత్త కాదు. 2017లో వచ్చిన ‘బాహుబలి’ రెండో భాగంలో ఎక్కువ కథ తండ్రిది, అంటే పాతది. కాలం వరుస ముఖ్యమని ఎవరైనా ముందు దాన్నే చూస్తే, కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి రెండేళ్లు ఆగిన మనందరి టెన్షన్‌కు అర్థమే లేదు. అంతెందుకు, భారతం కూడా పాండవుల పుట్టుకతో మొదలవదు. వాళ్ల ముని మనుమడు జనమేజయుడి సర్పయాగం దగ్గర విన్న కథగా మొదలవుతుంది.

ఇక ఎన్ని చూడాలి? 2025 జులైలో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’తో కలిపి సినిమాలే 37. మొదటి పెద్ద కథ ‘ఐరన్ మ్యాన్’ నుంచి 2019లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఫార్ ఫ్రమ్ హోమ్’ వరకు, 23 సినిమాలు. అవే దాదాపు 50 గంటలు. సెమిస్టర్ పరీక్షలు పెట్టుకుని అంత టైమ్ ఎవరికుంటుంది? నన్నడిగితే ఇవి చాలు: ఐరన్ మ్యాన్, థోర్, ద ఫస్ట్ అవెంజర్, ద అవెంజర్స్, వింటర్ సోల్జర్, గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ, సివిల్ వార్, థోర్: రాగ్నరాక్, బ్లాక్ పాంథర్, ఇన్ఫినిటీ వార్, యాంట్‌మ్యాన్ అండ్ ద వాస్ప్, ఎండ్‌గేమ్. ఈ పన్నెండూ కలిపి సుమారు 27 గంటలు. యాంట్‌మ్యాన్ రెండో భాగం ఇందులో ఎందుకుందని మీ ఫ్రెండ్స్ నవ్వుతారు. దాని పేర్ల మధ్యలో వచ్చే సీన్ కోసమే ఉంది, అది లేకపోతే ‘ఎండ్‌గేమ్’ కథ ఎలా ముందుకు కదిలిందో అర్థం కాదు. రెండో ‘థోర్’ను మాత్రం నేను కావాలనే వదిలేశాను. అది చూడకపోతే ‘ఎండ్‌గేమ్’లో కాసేపు బుర్ర గోక్కుంటారు, అంతకు మించి నష్టం లేదు.

విడుదల వరుస తప్పినా ఇబ్బంది లేనిది ఒకే ఒక్కటి కనిపించింది. గార్డియన్స్ మొదటి భాగం 2014లో వచ్చింది, రెండోది 2017లో వచ్చింది, రెండింటి కథా 2014లోనే. నచ్చితే వెంటవెంటనే చూసేయొచ్చు. ‘బ్లాక్ విడో’ విషయంలో మాత్రం ఆ పని చేయొద్దు. కథ ‘సివిల్ వార్’ తర్వాతిదే కాబట్టి అక్కడ పెట్టమని చాలామంది చెబుతారు. 2021లో వచ్చిన ఆ సినిమా చివర కూడా ఒక సీన్ ఉంది. దాని గురించీ అడగకండి, ‘ఎండ్‌గేమ్’ అయ్యాకే చూడండి.

సిరీస్‌లన్నీ చూడాలన్న రూలేం లేదు. ఏ సినిమాకు ఏది అవసరమో అది చూస్తే సరిపోతుంది. డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమాకు ముందు ‘వాండావిజన్’ తప్పదు, తొమ్మిది ఎపిసోడ్లు. అది చూడకుండా వెళితే వాండాకు అంత కోపం ఎందుకో తెలియదు. ‘ద మార్వెల్స్’కు ముందు ‘మిస్ మార్వెల్’. 2025లో వచ్చిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’, ‘థండర్‌బోల్ట్స్’ రెండింటికీ ‘ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్’ పనికొస్తుంది. ‘లోకి’ని అవసరం కోసం కాదు, బాగుంటుందని చూడండి.

మరో మాట. స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు సోనీవి. కాబట్టి అవి మిగతా వాటితో పాటు ఒకే యాప్‌లో దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకండి. చందా కట్టే ముందు యాప్‌లో పేరు కొట్టి, తెలుగు ఆడియో ఉందో లేదో కూడా చూసుకోండి. ‘ఇన్ఫినిటీ వార్’ తెలుగులో దొరికితే వదలొద్దు, అందులో విలన్ థానోస్‌కు గొంతు ఇచ్చింది మన రానా.

“తమ్ముడి కోసం గూగుల్ షీట్స్‌లో సినిమాల పేర్లు, విడుదల తేదీలు రాసి సార్ట్ చేశాను. షీట్‌లో ‘ఎండ్‌గేమ్’ పైన, ‘ఇన్ఫినిటీ వార్’ కింద వచ్చింది. వాడు అదే వరుసలో చూసేశాడు. ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు. తేదీలు సరిగ్గానే రాశాను కదా, తప్పెక్కడ జరిగింది?” – రైస్ మిల్లులో అకౌంట్స్ రాసే పాఠకుడు, మిర్యాలగూడ

తేదీలు మీరు సరిగ్గానే రాశారు. షీట్ వాటిని అమెరికా లెక్కన చదువుకుంది.

మీ షీట్ లొకేల్, అంటే ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్, ‘యునైటెడ్ స్టేట్స్’ అని ఉండి ఉంటుంది. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. ‘ఐరన్ మ్యాన్’కు మీరు 02/05/2008 అని కొట్టారు, మే 2 అని మీ ఉద్దేశం. షీట్ దాన్ని ఫిబ్రవరి 5 అనుకుంది. ‘ఎండ్‌గేమ్’కు 26/04/2019 అని కొట్టారు. ఇరవై ఆరో నెల ఎక్కడా లేదు కాబట్టి షీట్ దాన్ని తేదీగా ఒప్పుకోలేదు, ఉత్త అక్షరాల ముక్కగా ఉంచేసింది. ‘ఇన్ఫినిటీ వార్’ 27/04/2018కీ అదే గతి. సార్ట్ చేసినప్పుడు ఇలాంటి ముక్కలన్నీ అసలు తేదీల కిందికి పోతాయి. అక్కడ వాటిని డిక్షనరీలో మాటల్లాగా ఎడమ నుంచి ఒక్కో అక్షరం పోల్చి సర్దుతుంది. 26 ముందు, 27 తర్వాత. సంవత్సరం దాకా చూడనే చూడదు. మీ తమ్ముడి కొంప ముంచింది ఆ ఒక్క అంకె.

గుర్తుపట్టడం తేలిక. షీట్ తేదీగా ఒప్పుకున్నది గడిలో కుడివైపుకు జరిగి ఉంటుంది, ఒప్పుకోనిది ఎడమవైపు అంటుకుని ఉంటుంది. కంప్యూటర్‌లో ఫైల్ మెనూ, సెట్టింగ్స్‌కు వెళ్లి లొకేల్‌ను ఇండియాకు మార్చండి. మార్చినంత మాత్రాన పాత తేదీలు వాటంతటవే సరికావు, ఆ నిలువు వరుస మొత్తం మళ్లీ కొట్టాల్సిందే. లేదంటే 2019-04-26 అని ముందు సంవత్సరం వచ్చేలా రాసే అలవాటు చేసుకోండి, అప్పుడు ఏ దేశం సెట్టింగ్ ఉన్నా తికమక పడదు. ఇంకొకటి, సార్ట్ చేసేటప్పుడు తేదీల నిలువు వరుస ఒక్కటే సెలెక్ట్ చేయకండి. తేదీలు కదులుతాయి, సినిమా పేర్లు ఉన్నచోటే ఉంటాయి.

సినిమాల వరకైతే తమ్ముడికి బిర్యానీ తినిపిస్తే సరిపోతుంది. మిల్లు లెక్కలు కూడా అదే గూగుల్ ఖాతాలో రాస్తున్నారా? అలాగైతే ఇవాళే తెరిచి చూడండి. ప్రతి నెలా 13 నుంచి 31 దాకా ఉన్న లారీ లోడ్లన్నీ ఎడమవైపు అంటుకుని ఉంటే, 1 నుంచి 12 వరకు ఉన్నవి ఏదో ఒక వేరే నెలలో చేరిపోయి ఉంటాయి. రోజూ నెలా ఒకటే అంకె అయితే తప్ప.

“మాది అమ్రాబాద్ మండలం. అడవి పక్క ఊరు, సిగ్నల్ ఉంటే ఉన్నట్టు లేకుంటే లేనట్టు. రోజుకు 1.5 జీబీ ప్యాక్. మూడు గంటల ‘ఎండ్‌గేమ్’ ఇందులో వస్తుందా? ఒకసారి డౌన్‌లోడ్ చేస్తే ఇంగ్లిష్‌లో వచ్చింది.” – నాగర్‌కర్నూల్ జిల్లా పాఠకురాలు

వస్తుంది, కానీ బొమ్మ నాణ్యత తగ్గించుకోవాలి. లెక్క చిన్నది: వీడియో వేగం ఎన్ని ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అయితే దాన్ని 450తో గుణించండి, గంటకు అన్ని ఎంబీలు ఖర్చవుతాయి. ‘ఎండ్‌గేమ్’ 181 నిమిషాలు. 1 ఎంబీపీఎస్ దగ్గర సుమారు 1.35 జీబీ, మీ ప్యాక్‌లో సరిగ్గా పడుతుంది. 3 ఎంబీపీఎస్ హెచ్‌డీ పెడితే 4 జీబీ దాటుతుంది. ఫోన్ తెర మీద మొదటిదానికీ దీనికీ తేడా ఉంటుంది కానీ, మధ్యలో ఆగిపోయే హెచ్‌డీ కంటే ఆగకుండా నడిచే మామూలు బొమ్మే నయం. చాలా ప్యాక్‌లలో రోజు డేటా రాత్రి 12కు మళ్లీ నిండుతుంది. డేటా మిగిలిన రోజు పదకొండున్నరకు డౌన్‌లోడ్ మొదలుపెడితే సగం ఇవాళ్టి ఖాతాలో, సగం రేపటి ఖాతాలో పడుతుంది.

భాష సంగతి: డౌన్‌లోడ్ నొక్కకముందే ఆడియో తెలుగులోకి మార్చండి. అయ్యాక ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక్క నిమిషం నడిపించి చూడండి, తెలుగు వస్తే నిశ్చింత. డౌన్‌లోడ్‌కు గడువు ఉంటుంది కాబట్టి నెల రోజులకు సరిపడా ఒకేసారి నింపుకోకండి. అచ్చంపేటలో వైఫై ఉన్న బంధువులుంటే ఆదివారం ఫోన్ పట్టుకుని వెళ్లండి, బస్సు చార్జీలు గిట్టుబాటవుతాయి.

“ప్రతి మార్వెల్ సినిమా చివర పేర్లయ్యాక ఏదో వస్తుందని మా పిల్లలు అంటారు. మా టీవీలో పేర్లు మొదలవగానే వేరే సినిమా మొదలైపోతోంది. ‘ఎండ్‌గేమ్’కు పట్టుబట్టి చివరిదాకా కూర్చున్నాం, ఏమీ రాలేదు. యాప్ పాడైందా?” – కిరాణా వ్యాపారి, దేవరకొండ

మొదటిది ఆటోప్లే చేసే పని. పేర్లు మొదలవగానే మూలన చిన్న డబ్బా వచ్చి సెకన్లు లెక్కపెడుతుంది. అది సున్నా అయ్యేలోపు రిమోట్‌తో మళ్లీ పేర్ల మీదికి వెళితే ఆగిపోతుంది. ప్రతిసారీ ఈ పరుగెందుకనుకుంటే యాప్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయండి. మార్వెల్ వాళ్లు సగం పేర్లయ్యాక ఒకటి, పూర్తిగా అయ్యాక ఇంకొకటి పెడుతుంటారు. మొదటిది చూసి లేవకండి.

రెండోదానికి యాప్‌ను తిట్టకండి. ‘ఎండ్‌గేమ్’ చివర సీన్ ఏమీ లేదు. కానీ అసలేమీ లేదని కూడా అనలేం. పేర్లన్నీ అయ్యాక, నల్లటి తెర మీద, ఇనుము మీద సుత్తితో కొడుతున్న చప్పుడు కొన్ని సెకన్లు వినిపిస్తుంది. ఫ్యాన్ ఆపి, వాల్యూమ్ కొంచెం పెంచి వినండి. 2008 నాటి సినిమాతో మొదలుపెట్టి వచ్చినవాళ్లకు ఆ సుత్తి ఎవరి చేతిలోదో ఎవరూ చెప్పక్కర్లేదు.