బుర్కినా ఫాసోలో బోరు రిగ్గు మీద ఉద్యోగం వచ్చింది, వెళ్ళొచ్చా? అక్కడ మూడేళ్ళు పనిచేసినవాడి జవాబు

మీరు అడిగింది ఇది: బోరు రిగ్గు మెకానిక్‌గా రెండేళ్ళ కాంట్రాక్టు వచ్చింది, ఆ దేశం ఎలాంటిది, మనుషులు ఎలా ఉంటారు, ప్రభుత్వాన్ని నమ్మొచ్చా అని. ఇంట్లో అమ్మగారు టెన్షన్ పడుతున్నారని కూడా రాశారు. నేను 2013 ఫిబ్రవరి నుంచి 2016 జూన్ దాకా అక్కడ ఇదే పని చేశాను. మాది అనంతపురం జిల్లా. నేను బయల్దేరేటప్పుడు మా అమ్మ కూడా "సముద్రం కూడా లేని దేశమంట, ఏం తింటావురా?" అని ఏడ్చింది. సముద్రానికీ తిండికీ సంబంధమేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. అక్కడికి వెళ్ళాక కొంత అర్థమైంది, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు దేశం ఎంతో చెబుతాను. విస్తీర్ణం సుమారు 2,74,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎంతో దాదాపు అంతే. జనాభా మాత్రం 2019 లెక్కల ప్రకారం 2 కోట్ల 5 లక్షలు, మనలో నాలుగో వంతు కూడా లేదు. చుట్టూ ఆరు దేశాలు: పైన మాలీ, నైజర్, కింద బెనిన్, టోగో, ఘానా, ఐవరీ కోస్ట్. రాజధాని వాగాడూగూ. అక్కడ అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, 'వాగా' అంటారు. రెండో పెద్ద ఊరు బోబో-జులాసో, పడమటి వైపు, కాస్త పచ్చగా ఉంటుంది. పత్తి పండేదీ ఎక్కువగా ఆ వైపే.

నేల చూస్తే మీకు కొత్తగా ఏమీ అనిపించదు. ఎర్రమట్టి, అక్కడక్కడా బండ, తుమ్మ జాతి ముళ్ళ చెట్లు. పెద్ద కొండలు లేవు. దేశంలో ఎత్తైన శిఖరం టెనా కురు కూడా 750 మీటర్ల లోపే, మన హార్స్‌లీ హిల్స్ అంతకంటే చాలా ఎత్తు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, తర్వాత చుక్క పడదు. డిసెంబరు, జనవరిలో సహారా వైపు నుంచి హర్మటన్ గాలి వీస్తుంది. పొద్దున లేస్తే పక్క మీద, పళ్ళెంలో, ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్మే. కంప్రెసర్ ఫిల్టర్లు ఇక్కడ వాడేవాటికి రెండింతలు తీసుకెళ్ళమని మీ కంపెనీకి ఇప్పుడే చెప్పండి. మార్చి నుంచి మే వరకు ఎండ 40 దాటుతుంది, దానికి మనం అలవాటు పడ్డవాళ్ళమే.

మీ పనికి అసలైన మంచి కబురు ఒకటుంది. ఆ దేశంలో ఎక్కువ భాగం మనలాగే పాత గట్టి రాయి, అంటే నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి. కానీ మా ఊళ్ళో వెయ్యి అడుగులు దింపినా దుమ్ము లేస్తుంటే, అక్కడ చాలా బోర్లు 50 నుంచి 80 మీటర్లలోనే అయిపోతాయి. తోడేవాళ్ళు తక్కువ, అదే కారణం. ఊరికి కావలసింది చేతిపంపు నడిచేన్ని నీళ్ళు. మొదటి ఊళ్ళో ఇంచు నీళ్ళు కూడా రాలేదు, నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఊరి ఆడవాళ్ళేమో పాటలు మొదలెట్టారు. ఆ నీళ్ళు వాళ్ళకు చాలునట! దాని మీద బిగించింది మన ఇండియా మార్క్-2 పంపే. చిన్నప్పుడు బడి ముందు నేను ఊగిన పంపు హ్యాండిల్ అంత దూరంలో కనిపిస్తే ఎలా ఉంటుందో చెప్పలేను.

ఇక సముద్రం సంగతి. మా కంప్రెసర్‌కు ఒక పార్టు కావలసి వచ్చింది. చెన్నై నుంచి ఘానాలోని టెమా రేవుకు ఓడలో వచ్చింది. టెమా నుంచి వాగాకు రోడ్డు మీద సుమారు వెయ్యి కిలోమీటర్లు. రేవులో క్లియరింగ్ ఏజెంటు ఒక కాగితం తప్పు పెట్టాడు, సరుకు 40 రోజులు కదల్లేదు. తర్వాత సరిహద్దులో ఇంకో వారం. అన్ని రోజులూ రిగ్గు చెట్టు కింద, మేము చెట్టు కింద. డీజిల్, సిమెంటు, బియ్యం లాంటి ఎన్నో సరుకులు ఇలా అబిజాన్, టెమా, లోమే, కొటొనూ రేవుల నుంచి ఎవరో ఒకరి దేశం దాటి రావాలి. పొరుగువాడితో గొడవైతే ఆ వారమే మార్కెట్లో ధర మారుతుంది. మా అమ్మ భయంలో అర్థం ఉందని అప్పుడు ఒప్పుకున్నాను. రైలు ఒకటే, అబిజాన్ నుంచి వచ్చేది. అది 1934లో బోబోకు, 1954లో వాగాకు చేరింది.

తిండికి మాత్రం ఇబ్బంది పడలేదు. వాళ్ళ ముఖ్యమైన తిండి 'తో'. సజ్జ, జొన్న, లేదంటే మొక్కజొన్న పిండిని కెలికి ముద్ద చేస్తారు. మన సంగటే అది, కాకపోతే తెల్లగా, కొంచెం జారుడుగా ఉంటుంది. నంజుకోవడానికి బెండకాయ పులుసు. గోంగూర దొరుకుతుంది, నిజంగా! ఆకు వండుకుంటారు, ఎర్రటి పూల తొడిమలు ఉడికించి పంచదార వేసి 'బిసాప్' అని చల్లటి పానీయం చేస్తారు. పులిసిన గింజలతో చేసే 'సూంబాలా' వాసన మొదటి నెల భరించలేకపోయాను, మూడో నెలకు అది లేని కూర చప్పగా తోచింది. కారం పొడి మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

మనుషుల గురించి చెప్పడానికే ఈ జవాబు రాస్తున్నాను, ఎందుకంటే నెట్‌లో వెతికితే మీకు కుట్రలు, తుపాకులే కనిపిస్తాయి.

నేను చేరిన రెండో రోజు. మా డ్రైవరు మొస్సీ, హెల్పర్ సామో. ఇవి రెండు వేర్వేరు తెగలు. డ్రైవరు రాగానే హెల్పర్ అరిచాడు: "వచ్చాడు చూడండి నా బానిస!" డ్రైవరు తక్కువ తినలేదు, "కుక్కను తినేవాడివి, నువ్వా నాకు యజమాని?" అన్నాడు. ఒకరు ఫ్రెంచిలో నాకు అనువాదం చేస్తుంటే నాకు చెమటలు పట్టాయి, మన దగ్గరైతే కేసయ్యే మాటలవి. ఐదు నిమిషాల తర్వాత ఇద్దరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తింటున్నారు. దాన్ని మొస్సీల మోరే భాషలో 'రకీరే' అంటారు. ఫలానా తెగకు ఫలానా తెగ వేళాకోళపు చుట్టం. ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే తప్పు నీదే. మన బావా బామ్మర్దుల సరసమే అది, రెండు కుటుంబాల మధ్య కాకుండా రెండు జాతుల మధ్య ఉందనుకోండి. ఇంటిపేరు వింటే ఏ తెగో తెలిసిపోతుంది. చెక్‌పోస్టులో పోలీసు మా డ్రైవరు కార్డు మీద ఇంటిపేరు చదివి "నువ్వా! ముందు మీ తాత బాకీ కట్టు" అని నవ్వి వదిలేసిన రోజులున్నాయి. చావు ఇంట్లో కూడా ఈ వేళాకోళపు చుట్టాలు వచ్చి చనిపోయినాయన నడకను, మాటను అనుకరించి ఏడ్చేవాళ్ళను నవ్విస్తారు.

దాదాపు 60 భాషలు మాట్లాడే దేశం అది. సగం మంది మొస్సీలు, మిగతావాళ్ళు ఫులానీ, గుర్మాంచే, బోబో, లోబీ, బిస్సా, సామో వగైరా. ముస్లింలు ఎక్కువ, క్రైస్తవులు కూడా గణనీయంగా ఉన్నారు, ఒకే ఇంట్లో ఇద్దరూ ఉండటం నేను చూశాను. దేశం పేరునే మూడు భాషల్లోంచి తీశారు: 'బుర్కినా' మోరే మాట, నిజాయితీపరులు అని, 'ఫాసో' జులా మాట, తండ్రి గడ్డ అని, అక్కడివాళ్ళను 'బుర్కినాబే' అంటారు, ఆ చివరి 'బే' ఫులానీలది. 1984 ఆగస్టు 4న అప్పటి అధ్యక్షుడు థామస్ సంకరా పెట్టిన పేరది. అంతకుముందు అప్పర్ వోల్టా. వోల్టా నది పేరు మీద ఫ్రెంచివాళ్ళు దేశానికి పెట్టిన పేరది.

ఇంకో మాట, పలకరింపు. పని ఎంత అర్జెంటైనా ముందు ఇల్లు, పిల్లలు, పొలం, నిద్ర అన్నీ అడగాలి. జవాబు అన్నిటికీ 'లాఫీ', అంటే క్షేమం. నేను మొదట్లో నేరుగా "స్పానర్ ఇవ్వు" అనేవాణ్ణి. ఒక పెద్దాయన "నీకు బాగోలేదా?" అని అడిగాడు, నిజంగానే అడిగాడు.

ప్రభుత్వం సంగతికి వస్తే, నేనున్న మూడేళ్ళలోనే రెండు పెద్ద ఘట్టాలు చూశాను. 1960 ఆగస్టు 5న ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. సంకరా 1983లో అధికారంలోకి వచ్చి, అధికారులను మెర్సిడెస్‌లు దించి చిన్న రెనో-5 కార్లు ఎక్కించాడు, స్థానికంగా నేసిన బట్ట కట్టమన్నాడు. 1987 అక్టోబరు 15న అతన్ని చంపారు, ఆ తర్వాత అతని స్నేహితుడు బ్లేజ్ కొంపావొరే 27 ఏళ్ళు ఏలాడు. 2014 అక్టోబరులో పదవీకాలం పొడిగించుకోవడానికి రాజ్యాంగంలోని 37వ అధికరణ మార్చబోయాడు. నేను వాగాలో ఉన్నాను. ముందు ఆడవాళ్ళు రోడ్డెక్కారు, చేతుల్లో సంగటి కెలికే చెక్క తెడ్లు! మగవాడి మీదికి ఆడది తెడ్డు ఎత్తిందంటే అంతకు మించిన శాపం లేదని మా డ్రైవరు చెప్పాడు, అతని మొహం పాలిపోయింది. మూడు రోజులకు, 30న, పార్లమెంటు తగలబడింది. 31న అధ్యక్షుడు దేశం వదిలాడు. ఆ మర్నాడు కుర్రాళ్ళు చీపుర్లు పట్టుకుని వచ్చి కాలిన టైర్ల బూడిద ఊడ్చారు, అది నేను గేటు దగ్గర నిలబడి చూశాను.

2015 సెప్టెంబరులో అధ్యక్ష రక్షణ దళం తిరుగుబాటు చేసి తాత్కాలిక అధ్యక్షుణ్ణి నిర్బంధించింది. వారం రోజులు గెస్ట్‌హౌస్‌లో బియ్యం, సార్డిన్ డబ్బాలతో గడిపాం. ఆ దళమూ, మిగతా సైన్యమూ చివరికి రాజీ ఒప్పందం మీద సంతకం పెట్టింది ఎక్కడో తెలుసా? మొస్సీల రాజు మోరో నాబా ఇంట్లో. ఆయనకు రాజ్యాంగంలో ఏ అధికారమూ లేదు. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆయన ఎర్రబట్టలతో యుద్ధానికి బయల్దేరినట్టు వస్తాడు, గుర్రానికి జీను కట్టి ఉంటుంది, పెద్దలు వద్దని బతిమాలతారు, లోపలికి వెళ్ళి తెల్లబట్టలతో తిరిగొస్తాడు. ఒక శుక్రవారం వెళ్ళి చూశాను. ఫోటోలు తీయనివ్వరు.

ఆ తర్వాతది మీరు వార్తల్లో చూసిందే. 2015 నవంబరులో కబోరే అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 2022 జనవరిలో దమీబా అనే సైనికాధికారి కుట్ర చేసి అతన్ని దించాడు, అదే ఏడాది సెప్టెంబరు 30న 34 ఏళ్ళ కెప్టెన్ ఇబ్రహీం త్రావోరే కుట్ర చేసి దమీబాను దించాడు. 2024లో సైనిక పాలనను ఇంకో ఐదేళ్ళు పొడిగించుకున్నారు. మాలీ, నైజర్‌లతో కలిసి ఒక కూటమి కట్టి, 2025 జనవరిలో పశ్చిమ ఆఫ్రికా దేశాల సంఘం ఎకోవాస్‌లోంచి బయటికొచ్చారు. ఫ్రెంచి సైన్యాన్ని పంపేశారు, రష్యాకు దగ్గరయ్యారు. యూట్యూబ్‌లో త్రావోరేను దేవుణ్ణి చేసే వీడియోలు బోలెడు వస్తాయి, సగం నమ్మకండి. విమర్శించిన జర్నలిస్టులను, జడ్జీలను బలవంతంగా సైన్యంలోకి పంపిన సంఘటనలున్నాయి. కాబట్టి అక్కడికి వెళ్తే రాజకీయాల మీద పోస్టులు పెట్టకండి, సైనికులున్న చోట ఫోన్ బయటికి తీయకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేను వెళ్ళిన 2013లో ఉత్తరాన ఉన్న జీబో అనే ఊరి పక్క పల్లెల్లో గుడారం వేసుకుని పడుకున్నాం, భయమన్నది తెలియదు. జీబో పశువుల సంతలో మేకపోతు కొని వండుకున్నాం. అదే జీబోను 2022 నుంచి జిహాదీ దళాలు చుట్టుముట్టాయి. 2023 నాటికి ఇళ్ళు వదిలిన జనం సర్కారు లెక్కలోనే 20 లక్షలు దాటారు. నేను పొగిడిన ఆ వేళాకోళపు చుట్టరికం కూడా అన్నిటినీ ఆపలేదు. 2019 జనవరి 1న ఇర్గూ అనే ఊళ్ళో ఫులానీలను పదుల సంఖ్యలో చంపినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. వాగా కూడా పూర్తిగా సురక్షితం కాదు. 2016 జనవరి 15న స్ప్లెండిడ్ హోటల్ మీద దాడిలో 30 మంది పోయారు. ఆ హోటల్ ఎదురు కెఫేలో నేను అంతకు వారం ముందు కాఫీ తాగాను. నేను తిరిగొచ్చేయడానికి అదే కారణం.

కాబట్టి నా సలహా: 'బుర్కినా ఫాసో' అని రాసిన కాంట్రాక్టు మీద సంతకం పెట్టకండి. సైటు ఊరి పేర్లు రాయించండి. వాగాలో వర్క్‌షాపు, బోబో ఊళ్ళో స్టోరు అంటే ఆలోచించొచ్చు. ఉత్తరం, తూర్పు, సరిహద్దు ప్రాంతాలైతే జీతం రెండింతలు ఇచ్చినా వద్దు. సైటుకు రోడ్డు మీద తీసుకెళ్తారా, ఎవరి రక్షణలో అన్నది కాగితం మీద ఉండాలి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోండి, ఆ పసుపు కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు. మలేరియాను జ్వరమే కదా అనుకోవద్దు, నాకు రెండుసార్లు వచ్చింది. జీతం అక్కడి డబ్బు సెఫా ఫ్రాంకుల్లో ఇస్తామంటే భయపడక్కర్లేదు, అది యూరోకు 655.957 చొప్పున కట్టేసి ఉంటుంది. ఫ్రెంచి రెండు నెలలు నేర్చుకుని వెళ్ళండి, ఇంగ్లీషు పనికిరాదు.

ఊరి పేర్లు చేతికొచ్చాక ఇక్కడే కింద రాయండి. ఏ రోడ్డు మీద ఉన్నాయో, మేము అక్కడ ఎంత లోతుకు నీళ్ళు చూశామో చెబుతాను. అమ్మగారికి ప్రస్తుతానికి గోంగూర దొరుకుతుందని మాత్రం చెప్పండి.