హైస్కూలు లెక్కల టీచరు కావాలంటే కాలేజీలో ఏ కోర్సులు తీసుకోవాలి?

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నానని, హైస్కూలు లెక్కల టీచరు కావాలని ఉందని రాశారు. "ఎలాగూ అక్కడ చెప్పేది పైథాగరస్ సిద్ధాంతం, వర్గ సమీకరణాలే కదా, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ తప్పించుకుని ఆ ఖాళీలను బోధన కోర్సులతో నింపుకోవచ్చా?" అని అడిగారు. జ్యామితి క్లాసు ఉదయం ఎనిమిది గంటలకు పెట్టారు కాబట్టి దాని బదులు అవకలన సమీకరణాల రెండో పేపరు తీసుకుంటే నష్టమా అని చివర్లో ఇంకో ప్రశ్న.

ఆ "ఎలాగూ" దగ్గరే ఆగిపోయాను. 22 ఏళ్ల కిందట కాలేజీలో కోర్సుల ఫారం నింపేటప్పుడు నా నోట్లోనూ అదే మాట. కలనగణితం, రేఖీయ బీజగణితం ఇష్టంగానే చదివాను. అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా తప్పనిసరి కాబట్టి బట్టీపట్టి గట్టెక్కాను. జ్యామితి, సాంఖ్యక శాస్త్రం ఐచ్ఛికాలు. స్కూల్లో చదివిందే కదా అని రెండూ వదిలేశాను. ఆ బాకీ అంతా తరవాత వడ్డీతో సహా తీర్చుకున్నాను. మొదటి వాయిదా ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే వచ్చింది.

తొమ్మిదో తరగతి, మధ్యాహ్నం పీరియడు, సగం మందికి కళ్లు మూతలు పడే వేళ. నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. మూడో బెంచీ అమ్మాయి √(x² + 9) = x + 3 అని రాసింది. ఈ తప్పు రాయని తరగతి భూమ్మీద ఉండదు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి పుస్తకం ఇచ్చేశాను. ఆ అమ్మాయి వెళ్లలేదు. ముందురోజు పేజీ తిప్పి చూపించింది. అక్కడ నేనే బోర్డు మీద చేయించిన లెక్క: √(9x²) = 3x. (x ధనసంఖ్య అనుకునే చేశాం, తగువుకు రాకండి.)

"టీచర్, మధ్యలో గుణకారం ఉంటే విడదీయవచ్చన్నారు. కూడిక ఉంటే ఎందుకు విడదీయకూడదు?"

నాకు తెలిసిన జవాబు ఒకటే. x బదులు 4 పెట్టాను. ఎడమవైపు √25, అంటే 5. కుడివైపు 7. "చూశావా, సమానం కాదు."

"సమానం కాదని తెలిసింది టీచర్. ఎందుకు కాదో చెప్పండి."

గంట కొట్టడానికి రెండు నిమిషాలుంది. ఇంకో 18 పుస్తకాలు మిగిలాయి. "అది నియమం. గుర్తుపెట్టుకో" అన్నాను. "సరే టీచర్" అని తన చోటుకు వెళ్లి, స్కేలు పెట్టి ఆ వరుసను కొట్టేసింది. విసురుగా చేత్తో గీసి ఉంటే కోపం వచ్చిందనుకుని నేను మళ్లీ పిలిచేదాన్నేమో. స్కేలు పెట్టి, తిన్నగా, పక్క వరుసకు తగలకుండా కొట్టేసింది. ఆ ఏడాది మళ్లీ ప్రశ్న అడగలేదు. మార్కులు బాగానే తెచ్చుకుంది.

కొన్ని నెలల తరవాత సెలవుల్లో పాత పుస్తకాల పెట్టె సర్దుతుంటే కాలేజీనాటి ఆల్జీబ్రా నోట్సు దొరికింది. హోమోమార్ఫిజం నిర్వచనం రాసుకున్న పేజీ: f(ab) = f(a)f(b). అంచున నా చేతిరాతే: "ముఖ్యం, 10 మార్కులు". కింద మూడు సిద్ధాంతాలు, మూడింటికీ నిరూపణలు. ఏ ప్రమేయం ఏ పరిక్రియను (కూడిక, గుణకారం లాంటివాటిని) చెడగొట్టకుండా అవతలికి చేర్చుతుంది అన్నదే ఆ అధ్యాయం మొత్తం. మూడో బెంచీ అమ్మాయి అడిగింది అచ్చంగా అదే. వర్గమూలం గుణకారాన్ని భద్రంగా దాటిస్తుంది, కూడికను దాటించదు. సంవర్గమానం గుణకారాన్ని తీసుకెళ్లి కూడికగా మార్చి అప్పగిస్తుంది. మరి కూడికను కూడికగానే అప్పగించే ప్రమేయాలు ఎన్ని? అవిచ్ఛిన్నమైనవి, అంటే గీత ఎక్కడా తెగనివి అయితే f(x) = cx రూపంలోనివి తప్ప ఇంకేమీ లేవని ఫ్రెంచ్ గణితవేత్త కోషీ 1821లోనే నిరూపించాడు. అంటే మూలబిందువు గుండా పోయే సరళరేఖలు, అంతే.

ఇది తెలిశాక పిల్లల తప్పులు నాకు వేరేగా కనిపించడం మొదలైంది. (a + b)² = a² + b² అని ఒకరు రాస్తారు. sin(A + B) ని రెండు ముక్కలు చేస్తారు ఇంకొకరు. 1/(a + b) ని 1/a + 1/b అంటారు మరొకరు. వీటికి విడివిడిగా నాలుగు నియమాలు చెప్పి నాలుగుసార్లు తిట్టేదాన్ని. నిజానికి అన్నీ ఒకే తప్పు: ప్రపంచంలో ప్రమేయాలన్నీ సరళరేఖల్లాగే నడుచుకుంటాయనే అమాయకపు నమ్మకం. పైగా 0, 1 అనే రెండే సంఖ్యలుండి, 1 + 1 = 0 అయ్యే లెక్కల్లో (a + b)² = a² + b² అక్షరాలా నిజం. దాన్ని కూడా చదివాను, ఆ నోట్సులోనే ఉంది.

ఇదంతా తొమ్మిదో తరగతిలో చెప్పాలని కాదు. ఆ అమ్మాయికి చెప్పవలసింది ఇంకా తేలిక. ఒక లంబకోణ త్రిభుజం గీసి, ఇటు x, అటు 3 అని రాస్తే √(x² + 9) అంటే కర్ణం, x + 3 అంటే రెండు భుజాల వెంట చుట్టూ తిరిగి నడిచిన దూరం. మైదానానికి అడ్డంగా పడి వెళ్లేవాడూ, గట్టు వెంట చుట్టి వెళ్లేవాడూ ఒకే దూరం నడిచారని నువ్వు రాశావమ్మా అంటే చాలు. ఒక బొమ్మ, ఒక వాక్యం. గంట కొట్టేలోపు అయిపోయేది. కానీ పైనున్న గణితం అర్థమై ఉంటేనే ఆ బొమ్మ సమయానికి చేతికి వస్తుందని నా నమ్మకం. సూత్రం మాత్రమే తెలిసినవాడు ఇంకో సూత్రమే చెబుతాడు.

నా ఒక్కదాని గోడు కాదిది. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ 1908లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో ఈ జబ్బుకు జంట తెగుదల అన్నట్టుగా పేరు పెట్టాడు. కాలేజీలో అడుగుపెట్టగానే స్కూలు గణితంతో బంధం తెగుతుంది. తిరిగి స్కూలుకు టీచరుగా వెళ్లగానే కాలేజీ గణితంతో తెగుతుంది. వందేళ్లు దాటినా ఆ రెండు తెగిన చోట్లనూ ముడివేసే కోర్సు మా కాలేజీలో లేదు. మీ దగ్గర "ఉపాధ్యాయుల కోసం గణితం" లాంటి పేరుతో ఏదైనా ఉంటే కళ్లు మూసుకుని చేరండి.

ఇక మీ కోర్సుల సంగతి. ముందుగా, మీరు ఉద్యోగం చేయదలచిన చోట ఉపాధ్యాయ అర్హతకు ఏ కోర్సులు తప్పనిసరో ఆ నిబంధనల కాగితం తెచ్చుకుని దగ్గర పెట్టుకోండి. ఆఖరి సంవత్సరంలో ఒక్క కోర్సు తక్కువైందని తెలిసి ఆరు నెలలు ఆగిపోయినవాళ్లను చూశాను. అవి పోగా మిగిలిన ఖాళీల గురించే నా మాట.

అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా ఎందుకో పైన చెప్పాను. రియల్ అనాలిసిస్ కనీసం ఒక్కటి తీసుకోండి. 0.999… అంటే 1 ఎలా అవుతుందని ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. 1/3 ను మూడుతో గుణించి చూపిస్తే తలాడిస్తారు. అంతులేని అంకెలను అలా గుణించవచ్చని ఎవరు చెప్పారని ఒక్కరు అడిగారంటే మీకు అనంత శ్రేణులు వచ్చి ఉండాలి. సంఖ్యా సిద్ధాంతం అన్నిటికన్నా చవకగా వచ్చే మేలు. 9 తో భాగించబడే సూత్రం మంత్రం కాదని, 10 ని 9 తో భాగిస్తే 1 మిగలడమే దాని గుట్టని తెలుస్తుంది. ప్రోగ్రామింగ్‌లో ఒక్క కోర్సు చాలు.

సాంఖ్యక శాస్త్రం వదలకండి. నేను వదిలేసి ఏమయ్యానో చెబుతాను. ఒకబ్బాయి కాలిక్యులేటర్ పట్టుకొచ్చి, ప్రామాణిక విచలనానికి రెండు మీటలున్నాయి, రెండు జవాబులు వస్తున్నాయి, ఏది నొక్కాలి అన్నాడు. ఒకటి n తో భాగిస్తుంది, ఇంకొకటి n − 1 తో. "పుస్తకంలో ఉన్నదానికి సరిపోయేది నొక్కు" అని చెప్పిన మహానుభావురాలిని నేనే. అసలు సగటు తెలియక, చేతిలో ఉన్న కొద్ది నమూనా సగటునే వాడితే విచలనాల వర్గాల మొత్తం ఉండవలసినదాని కన్నా సాధారణంగా తక్కువే వస్తుందని, ఆ లోటు పూడ్చడానికే n − 1 అని ఆ రాత్రి రెండు గంటలకు అర్థమైంది. నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదని కాదు. చెప్పే క్లాసుకు నేను వెళ్లలేదు.

గణిత చరిత్ర దొరికితే అదీ చదవండి, ఓపిక నేర్పుతుంది. 628లోనే రుణ సంఖ్యలకు, సున్నాకు నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడంతటివాడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. ఏడో తరగతి పిల్లవాడు అదే అంటే నవ్వడానికి నోరు రాదు.

బోధన కోర్సుల విషయంలో నాకు కొంచెం చేదు ఉంది, దాచుకోను. మాకు ఒక సంవత్సరం పాటు పాఠ్య ప్రణాళికలు రాయించారు. ఏడు గళ్లు, రెండు రంగుల సిరా, "విద్యార్థి గుర్తించును, వివరించును, అన్వయించును" అని ప్రతి పేజీలో అవే క్రియలు. అలాంటివి 40 రాశాను. ఆ నలభైలో ఒక్కదానిలోనూ విద్యార్థి "ఎందుకు?" అని అడగలేదు. అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో చెప్పిన మాట ఒకటుంది. విషయం తెలియడం వేరు, బోధన పద్ధతులు తెలియడం వేరు, ఈ విషయాన్ని ఈ పిల్లలకు ఎలా విప్పి చెప్పాలి, ఎక్కడ తడబడతారు అన్న తెలివి మూడోది అని. ఆ మూడోదాన్ని నేర్పే కోర్సయితే తీసుకోండి. గళ్లు నింపించేదైతే తప్పనిసరి అయినంతవరకే.

ఆ మూడోది నాకు దొరికింది పిల్లల నోటుపుస్తకాల్లోనే. కాబట్టి ఆఖరి సంవత్సరం బోధనాభ్యాసం దాకా ఆగకండి. ఇప్పుడే ఏదైనా స్కూల్లో అనుమతి అడిగి వారానికి ఒక పూట వెనక బెంచీలో కూర్చోండి. టీచరు పాఠం ఎలా చెబుతున్నారని కాకుండా పిల్లలు ఏమి రాస్తున్నారో చూడండి. తప్పు జవాబులను అలాగే ఎత్తి రాసుకోవడానికి ఒక పుస్తకం పెట్టుకోండి. నా దగ్గర అలాంటివి తొమ్మిది నిండాయి. అందులో మొదటి పుస్తకం, మొదటి పేజీ, మొదటి వరుస √(x² + 9) = x + 3.

"హైస్కూలు లెక్కలే కదా, ఎవరైనా చెప్పగలరు" అనేవాళ్లు మీకు రోజూ తగులుతారు, ఇంట్లోనే తగలవచ్చు. వాళ్లతో వాదించి గెలవలేదు నేను ఇంతవరకు. మీరూ ప్రయత్నించకండి.

మీ చివరి ప్రశ్న. అవకలన సమీకరణాల రెండో పేపరు మంచిదే, కానీ మొదటి పేపరు చదివారు కాబట్టి హైస్కూలుకు ఆ మొదటిదే చాలు. జ్యామితి తీసుకోండి. యూక్లిడ్ స్వీకృతాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో, సమాంతర రేఖల స్వీకృతాన్ని మారిస్తే త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలు ఎందుకు కాకుండా పోతుందో ఒక్కసారైనా కూర్చుని చూడాలి. వృత్తలేఖిని, స్కేలుతో ఏ కోణాన్నయినా మూడు సమభాగాలు చేసేశానని ప్రతి రెండేళ్లకూ ఒక పిల్లవాడు మెరిసే కళ్లతో వస్తాడు. అది అసాధ్యమని 1837లో ఫ్రెంచ్ గణితవేత్త వాంట్‌జెల్ నిరూపించాడని చెప్పి పంపేస్తే మళ్లీ స్కేలు పెట్టి కొట్టేసుకుంటాడు. అతని బొమ్మలో తప్పు ఏ గీత దగ్గర జరిగిందో కలిసి వెతకాలంటే మీకు జ్యామితి రావాలి.

క్లాసు ఉదయం ఎనిమిది గంటలకని బాధపడ్డారు. స్కూల్లో మొదటి గంట ఎన్నింటికి కొడతారనుకుంటున్నారు?