కంప్యూటర్ స్లో అయిందంటే ఒకాయన తను తయారుచేసిన ఫ్రీ స్కానర్ వాడమన్నాడు. అది 1,200 సమస్యలు చూపించి, సరిచేయాలంటే డబ్బు కట్టమంటోంది. నమ్మొచ్చా?

నమ్మకండి. ముఖ్యంగా ఆ 1,200 అనే అంకెను.

ముందు రిజల్ట్ జాబితా తెరవండి. ఒక్కో వరుసలో ఫైల్ పేరు, అది ఏ ఫోల్డర్‌లో ఉందో, దాన్ని ఎందుకు అనుమానించాలో రాసి ఉందా? ఉంటే చదవొచ్చు. 'రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) లోపాలు ఇన్ని, ప్రైవసీ ముప్పులు ఇన్ని' అని మొత్తాలు మాత్రమే వేసి కింద ఎర్ర బటన్ పెడితే అది పరీక్ష కాదు, బేరం. అంకె పెంచడం చాలా తేలిక. బ్రౌజర్‌లోని ప్రతి కుకీనీ (వెబ్‌సైట్లు దాచే చిన్న ఫైల్) ఒక ముప్పుగా లెక్కేస్తారు. ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ తానే రాసుకునే ప్రీఫెచ్ ఫైళ్లను చెత్త అంటారు. విండోస్ తన లోపాలు రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్ర గుర్తులు చూపించి భయపెడతారు. అవి శుభ్రంగా పనిచేసే కంప్యూటర్‌లోనూ ఉంటాయి. ఆ చిట్టాలో కనిపించే డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ 10016 అనే ఎంట్రీని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. రిజిస్ట్రీ క్లీనర్లకు తమ మద్దతు లేదని కూడా చెప్పింది. అయినా ఇవాళ్టికీ వాటిని అంటగడుతూనే ఉన్నారు.

పేరున్న కంపెనీ అయితే ఇలా చేయదులే అనుకోవద్దు. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల రక్షణ సంస్థ) ఆఫీస్ సామాను అమ్మే ఆఫీస్ డిపో, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్‌ల మీద చేసిన ఆరోపణ చూడండి. వాళ్ల 'పీసీ హెల్త్ చెక్' స్కాన్ మొదలయ్యే ముందు స్క్రీన్ మీద నాలుగు ప్రశ్నలు వచ్చేవి: స్లోగా ఉందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా, తరచూ క్రాష్ అవుతోందా, పాప్-అప్‌లు వస్తున్నాయా అన్న తరహాలో. ఒక్క దానికి టిక్ పెట్టినా చివర్లో మాల్‌వేర్ లక్షణాలు ఉన్నట్టు తేలేది. మధ్యలో నడిచిన స్కాన్‌కూ ఆ ఫలితానికీ సంబంధమే లేదు. స్లోగా ఉందనేగా ఎవరైనా కంప్యూటర్ పట్టుకొచ్చేది! ఆ రెండు కంపెనీలూ కలిపి 3.5 కోట్ల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకున్నాయి. 2024లో కంప్యూటర్ రిపేర్ సాఫ్ట్‌వేర్ అమ్మే రెస్టోరో, రీఇమేజ్‌ల వంతు వచ్చింది, 2.6 కోట్ల డాలర్లు.

మీ విండోస్ ప్రో ఎడిషన్ అయితే ఆ స్కానర్‌ను మీరే పరీక్షించొచ్చు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) వర్చువలైజేషన్ ఆన్ చేసి, 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్'లో విండోస్ శాండ్‌బాక్స్‌కు టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. శాండ్‌బాక్స్ తెరిస్తే ఏ ప్రోగ్రామూ వేయని కొత్త విండోస్ వస్తుంది. స్కానర్‌ను అందులో నడపండి. అక్కడా వందల సమస్యలు చూపిస్తే ఇక చెప్పేదేముంది. ఏమీ చూపించకపోతే మాత్రం మంచిదని సర్టిఫికెట్ ఇవ్వకండి. వర్చువల్ మెషీన్‌లో (ఇలా కంప్యూటర్ లోపల నడిచే నకిలీ కంప్యూటర్‌లో) ఉన్నట్టు కనిపెట్టి నోరు మూసుకునే ప్రోగ్రాములూ ఉన్నాయి.

'మా టూల్ ఐకార్ ఫైల్‌ను పట్టేసింది' అనే వీడియోలకూ పడిపోవద్దు. ఐకార్ అనేది 68 అక్షరాల హానిలేని టెక్స్ట్, స్కానర్ ఆన్‌లో ఉందో లేదో చూడటానికే. ఇక ఫైల్‌ను చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే సైట్, వైరస్‌టోటల్‌లో సున్నా వచ్చిందంటారా? నిన్న తయారైన ఫైల్‌కు సున్నా రావడం పెద్ద విశేషం కాదు.

ఎవరైనా తన టూల్ గురించి చెప్పుకోవడమే తప్పనను. కానీ అది తనదేనని మొదటి వాక్యంలోనే చెప్పాలి, ఫైల్ ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ (తయారుచేసింది ఎవరో చెప్పే ముద్ర) కనపడాలి, ఏం మార్చబోతుందో ముందే చూపించాలి, మార్చింది వెనక్కి తిప్పే వీలుండాలి. యాంటీవైరస్ ఆపేసి నడపమంటే మాట్లాడకుండా డిలీట్ చేయండి.

మీ స్లో సంగతికి ముందు టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ, మెమరీ, డిస్క్ కాలమ్‌లను ఒక్కోటిగా సార్ట్ చేయండి, ఏది తినేస్తోందో తెలుస్తుంది. మాల్‌వేర్ అనుమానం ఉంటే విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి సుమారు 15 నిమిషాలు పడుతుంది, తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి.

ఆ స్కానర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాక టాస్క్ షెడ్యూలర్, స్టార్టప్ యాప్స్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, డిఫెండర్ ఎక్స్‌క్లూజన్ల (స్కాన్ చేయకుండా వదిలేయమన్న ఫైళ్ల) జాబితా కూడా చూడండి. తోక అక్కడే మిగులుతుంది. ఈపాటికే డబ్బు కట్టి ఉంటే ఆటో రెన్యువల్‌ను విడిగా రద్దు చేసుకోవాలి, ప్రోగ్రాం తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు.