పన్నెండేళ్ల పిల్లవాడికి సోషల్ స్కిల్స్ తరగతి ముందా, సొంత పనులు ముందా?

ఆటిజం ఉన్న మీ అబ్బాయిని సోషల్ స్కిల్స్, అంటే నలుగురితో మెలగడం నేర్పే తరగతిలో ఇప్పుడే చేర్చాలా, లేక స్నానం, బట్టలు, డబ్బు లెక్క వంటివి వచ్చాక ఆ సంగతి చూడాలా అని మీరు అడిగారు. మా అబ్బాయికి ఇప్పుడు 18 ఏళ్లు. వాడి పదో ఏట నుంచి రెండు రకాల శిక్షణా చూశాం, ఒక తరగతి మధ్యలో మానిపించాం కూడా. నేను వైద్యుణ్ణి కాను, తండ్రిగా చూసినదే చెబుతున్నాను.

మొదట చేర్చిన చోట పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ఎదుటివారి కళ్లలోకి చూడడం, పలకరించడం, తమ వంతు వచ్చేదాకా ఆగడం నేర్పేవారు. మూడు నెలలు తిరిగేసరికి మావాడు ఆ గదిలో అన్నీ చక్కగా చేసేవాడు. బయట మాత్రం లిఫ్టులో ఎక్కిన ప్రతి కొత్త మనిషినీ అదే వాక్యంతో, అదే స్వరంతో పలకరించి, బదులు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగేవాడు. అందులో వాడి తప్పేమీ లేదు. ఒక చోట, ఒక మనిషి దగ్గర నేర్చుకున్నది మరో చోట దానంతట అదే అక్కరకు రాకపోవడం ఆటిజంలో తరచుగా కనిపించేదే కనుక, చోటు మార్చి, మనుషులను మార్చి సాధన చేయించడం కూడా పాఠంలో భాగంగా ఉండాలి. అక్కడ అది లేదు. కళ్లలోకి చూడడం మీదే ధ్యాస పెడితే ఎదుటివారి మాట వినపడదని కొన్నేళ్ల తర్వాత వాడే చెప్పాడు. కళ్లలోకి చూడడాన్నే లక్ష్యంగా రాసుకున్న చోటికి ఇప్పుడైతే నేను పంపను.

మేము చేర్చిన రెండో సోషల్ స్కిల్స్ తరగతి పీర్స్ (PEERS) అనే పద్ధతిలో నడిచేది. దీనిని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ కౌమార వయసు వారి కోసం రూపొందించారు. వారానికి ఒకసారి, గంటన్నర చొప్పున, సుమారు 14 నుంచి 16 వారాలు సాగుతుంది. పిల్లలు ఒక గదిలో ఉన్న సమయంలోనే తల్లిదండ్రులు మరో గదిలో కూర్చుని అదే పాఠం విని, వారమంతా సాధన ఎలా చేయించాలో తెలుసుకుంటారు. నలుగురు మాట్లాడుకుంటున్న చోట ముందు దగ్గరగా నిలబడి విని, మాటల మధ్య విరామం కోసం ఆగి, అదే విషయం మీద ఒక మాట కలపడం, వాళ్లు కలుపుకోకపోతే నొచ్చుకోకుండా పక్కకు రావడం వంటివి మెట్టు మెట్టుగా నేర్పుతారు. ఎవరైనా ఎగతాళి చేస్తే పట్టించుకోవద్దనే పాత సలహా ఇవ్వకుండా, చిన్నగా ఒక ఎదురుమాట అనేసి పక్కకు తప్పుకోమంటారు. మావాడికి అన్నిటికన్నా పనికొచ్చిన పాఠం అదే. అయితే మాటలు బాగా వచ్చి, స్నేహితులు కావాలని తనకే ఉన్న పిల్లవాడికి ఇది సరిపోతుంది. పెద్దల కోరిక మీద చేర్చితే రోజంతా నటించి, ఇంటికి వచ్చి కుప్పకూలతారు; మొదటి తరగతి రోజుల్లో ఆ అలసటను మేము మొండితనం అనుకున్నాం.

ఇక సొంత పనుల విషయం. స్నానాన్ని 14 చిన్న పనులుగా విడగొట్టి, బొమ్మలుగా గోడకు అంటించాం. చివరి పని, అంటే తువ్వాలును దండెం మీద ఆరవేయడం, ముందు నేర్పి, అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టు వెనక్కి వచ్చాం. ఇలా చేస్తే ప్రతిరోజూ పని పూర్తి చేసింది తానే అన్న తృప్తి పిల్లవాడికి దక్కుతుంది. అన్నీ వచ్చాక కూడా వాడు తొమ్మిదో బొమ్మ దగ్గర ఆగిపోయేవాడు. ఎందుకో నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. నేను ‘ఇప్పుడు సబ్బు’ అనేదాకా ఆగుతున్నాడు. నా మాట కూడా వాడి లెక్కలో ఒక మెట్టయిపోయింది. నేర్పడం కన్నా, నేర్పిన మనిషి మెల్లగా తప్పుకోవడమే కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

మీ అబ్బాయి వయసుకు వాయిదా వేయకూడనివి కొన్ని ఉన్నాయి. తలుపు వేసుకుని చేసే పనులేవి, తన ఒంటిని ఎవరు, ఎప్పుడు తాకవచ్చు, ఇష్టం లేనప్పుడు వద్దని ఎలా చెప్పాలి అన్నవి యౌవనం మొదలయ్యే ముందే తెలియాలి. చెప్పినట్టు వినడం ఒక్కటే నేర్పే శిక్షణ ఇక్కడ కీడు చేస్తుంది, ఎందుకంటే వద్దనడం రాని పిల్లవాడిని ఎవరైనా లోబరచుకోగలరు. కనుక వీటినీ, సొంత పనులనూ ఇప్పుడే మొదలుపెట్టండి. స్నేహితులు కావాలన్న కోరిక వాడిలో కనిపిస్తే సోషల్ స్కిల్స్ తరగతిని ఆ పక్కనే నడిపించవచ్చు, ఒకటి పూర్తయ్యేదాకా రెండోది ఆపనక్కరలేదు. చేర్చే ముందు మాత్రం, ఈ వారం నేర్పినది ఇంట్లో మేము ఎలా సాధన చేయించాలి అని అడిగి చూడండి. దానికి సూటిగా జవాబు చెప్పలేకపోయిన రెండు చోట్ల నుంచి మేము ఫారం నింపకుండానే తిరిగి వచ్చాం.